జ్వరం శ్రావణంలో, జుట్టు ఊడేది కార్తీకంలో

విజయనగరంలో వానాకాలపు జ్వరాలు సద్దుమణిగి, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కూడా అయిపోయాక, కార్తీకమాసం నాటికి మా వీధిలో జుట్టు ఊడుతోందన్న మాట ప్రతి ఇంటా వినిపిస్తుంది. నేరం బోరు నీటి మీదనో, కొత్త షాంపూ మీదనో పడుతుంది గానీ, రెండు మూడు నెలల కిందట వచ్చి తగ్గిన టైఫాయిడ్‌నో డెంగీనో ఎవరూ అనుమానించరు.

తలపై ఇంచుమించు లక్ష వెంట్రుకలుంటే, వాటిలో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి పెరుగుతూ ఉంటాయి. పదో వంతు మాత్రం విశ్రాంతి దశలో ఉండి, వంతులవారీగా రాలిపోతాయి. రోజుకు 50 నుంచి 100 ఊడడం సహజమే. తీవ్రమైన జ్వరం, కాన్పు, ఆపరేషన్ వంటివి శరీరాన్ని కుదిపినప్పుడు పెరిగే వెంట్రుకలు పెద్ద సంఖ్యలో ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్లి, సుమారు మూడు నెలలకు దువ్వెన నిండా వస్తాయి. బాలింతకు పథ్యమంటూ పప్పు, గుడ్డు మాన్పించడం దీనికి తోడైతే చెప్పనక్కరలేదు.

డెంగీ తరువాత మా మేనకోడలు ఊడిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుని, "అత్తా, కుదురుతో సహా ఊడిపోతోంది" అని కంటతడి పెట్టింది. కొనన ఉన్న ఆ చిన్న తెల్లని బుడిపె కుదురు కాదు. విశ్రాంతి ముగిసిన వెంట్రుకకు ఉండే గుర్తు. కుదురు చర్మంలోనే ఉండి కొత్త వెంట్రుకను మొలిపిస్తుంది. వైద్యురాలు రక్తహీనతకూ థైరాయిడ్‌కూ పరీక్షలు చేయించి, ఇనుము తక్కువగా ఉందని మాత్రలు మాత్రమే రాశారు. కొన్ని నెలలకు నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ ఘనత మాత్రం ఈలోగా మా వదిన కాచిన మందార నూనెకు దక్కింది.

మగవారి బట్టతల వేరు. వంశపారంపర్యంగా, పురుష హార్మోను ప్రభావంతో కుదుళ్లు క్రమంగా చిన్నవైపోతాయి. రక్తపోటు మందుగా మొదలైన మినాక్సిడిల్‌ను తలకు రాసే మందుగా అమెరికాలో 1988లో అనుమతించారు. బట్టతలకు ఫినాస్టెరైడ్ మాత్రను అక్కడే 1997లో అనుమతించారు. రెండింటికీ నెలల ఓపిక కావాలి, మానేస్తే నిలిచిన జుట్టు మళ్లీ పోతుంది. గర్భిణులు ఫినాస్టెరైడ్ వాడకూడదు.

నాణెమంత మచ్చగా నున్నబడే పేనుకొరుకుడుకు పేలతో సంబంధమే లేదు. శరీర రక్షణ వ్యవస్థే కుదుళ్లపై దాడి చేస్తుంది. దానిపై గురివింద గింజ అరగదీసి పూసి, పుండు పడ్డాక ఆసుపత్రికి వెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు. చిన్న మచ్చలు చాలావరకు ఏడాదిలోపు వాటంతటవే పూడుతాయి. పూడనివాటికి చర్మవైద్యులు ఆ చోటే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు.