పంటినొప్పే కదా అన్నారు

కింద ఎడమవైపు పెద్ద దవడ పన్ను చాలా ఏళ్ళ క్రితం పుచ్చిపోతే నెల్లూరులో పీకించుకున్నాను. ఆ ఖాళీని అలాగే వదిలేస్తే ఏమవుతుందో పీకిన డాక్టరు ఒక్క ముక్క చెప్పలేదు. మేం చెన్నైకి మారి, పెరంబూరులో స్థిరపడి, పిల్లల చదువులు అయ్యేలోపు వెనక పన్ను ఖాళీలోకి ఒరిగింది, పై పన్ను కిందికి దిగింది. ఎడమవైపు నమలడం మానేసి అన్నీ కుడివైపే నమిలేదాన్ని.

ఫిక్స్‌డ్ బ్రిడ్జి కట్టించుకుంటానంటే మా ఆడబిడ్డ, "ఈ వయసులో పళ్ళెందుకు వదినా" అంది. నాకప్పుడు యాభై కూడా నిండలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మా వీధికి దగ్గరలోనే ఉన్న ఒక క్లినిక్‌కు వెళ్ళాం. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళను అరగదీసి, వాటి మీద తొడుగులు వేసి, మధ్యలో కట్టుడు పన్ను కలిపి మూడింటినీ ఒకే ముక్కగా అతికిస్తామన్నారు. రాత్రిపూట తీసి గ్లాసులో వేసుకునే బాధ ఉండదన్నారు. సరేనన్నాం. మత్తు ఇచ్చారు, అరగదీశారు, అచ్చు తీసుకున్నారు, తాత్కాలిక తొడుగు పెట్టి పంపించారు. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదని, ఇక జన్మంతా దానికి తొడుగు ఉండాల్సిందేనని కుర్చీలో కూర్చోకముందు ఎవరూ చెప్పలేదు. వెనక పంటికి ఎప్పుడో సిమెంట్ పెట్టించుకున్నాను. దాని కింద ఏముందో చూడ్డానికి ఒక్క ఎక్స్‌రే అయినా తీయలేదు. ఫారంలో షుగర్ ఉందని స్పష్టంగా రాసిచ్చాను. ఆ కాగితం ఎవరైనా చదివారని నేను అనుకోను.

రెండు రోజులకు సలుపు మొదలైంది. కూర్చుంటే కాస్త నయం, పడుకుంటే తల లోపల సుత్తితో కొట్టినట్టుండేది. రాత్రి భోజనాల వేళకు చెంప ఉబ్బింది. పదకొండు దాటాక దవడ కింద చెయ్యి పెట్టి చూసుకుంటే మెత్తగా లేదు, గట్టిగా బిగిసిపోయి ఉంది. నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదు. ఉమ్మి మింగలేక తువ్వాలు నోటి దగ్గర పట్టుకుని మంచం అంచున కూర్చున్నాను. మా ఆయన క్లినిక్ కార్డు వెతికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. అటునుంచి ఒకావిడ నిద్రమత్తులో, "పంటినొప్పితో ఎవరూ చచ్చిపోరమ్మా, మాత్ర వేసుకుని పడుకోండి, పొద్దున పదింటికి రండి" అని పెట్టేసింది.

మా ఆయన ఆ మాట నమ్మారు. మాత్ర తెచ్చిచ్చారు. నేనూ నమ్మాలనే అనుకున్నాను, ఎందుకంటే నమ్మితే భయం తగ్గుతుంది. నమ్మనిది మా అత్తమ్మ ఒక్కరే. లవంగం పట్టుకుని వచ్చి, "కాస్త నీళ్ళు తాగవే" అన్నారు. వద్దని చెప్పబోయాను. నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు ముద్దగా వచ్చింది మాట. ఆవిడ లవంగం అక్కడే పడేసి, "ఒరేయ్, దీని గొంతు మారిపోయింది. ఇది పంటినొప్పి కాదు. లేచి ఆటో పిలువు" అని కొడుకు మీద అరిచారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మా ఇద్దరికీ ఎన్నో మాటా మాటా వచ్చాయి. ఆ రాత్రి ఆవిడ లేకపోతే నేను పొద్దున పదింటి దాకా అలాగే కూర్చునేదాన్ని.

పురసవాక్కం మీదుగా సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జి.హెచ్.కి, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్ళాం. దారి పొడవునా తల్పగిరి రంగనాయకస్వామికి మొక్కుతూనే ఉన్నాను. అక్కడి డాక్టరు చిన్న కుర్రాడు, మా అబ్బాయి కంటే రెండు మూడేళ్ళు పెద్దవాడేమో. ముందు నాలుక బయట పెట్టమన్నాడు. గ్లవ్ వేసుకుని నాలుక కింద ఒక వేలు, గడ్డం కింద ఇంకో చేతి వేళ్ళు పెట్టి మెల్లగా నొక్కి చూశాడు. మింగగలరా, ఊపిరి ఇబ్బందిగా ఉందా అని అడిగాడు. షుగర్ చూస్తే 312. చెయ్యికి డ్రిప్ పెట్టారు, షుగర్‌కు ఇన్సులిన్ ఇచ్చారు. తెల్లవారాక దవడ కింద చిన్న గాటు పెట్టి చీము తీశారు.

తర్వాత ఆ అబ్బాయే ఓపిగ్గా చెప్పాడు. పాత సిమెంట్ కింద నరం అప్పటికే పాడై ఉంది, అరగదీయడంతో అది భగ్గుమంది. ఆ వెనక పన్ను రెండో దవడ పన్ను, దాని వేళ్ళు ఎముకలో బాగా కిందికి దిగి ఉంటాయి కాబట్టి అక్కడి చీము గడ్డం కిందికి, మెడలోకి దారి చేసుకుంటుంది. రెండువైపులా పాకి నాలుకను పైకి నెట్టిందంటే ఊపిరి ఆడదు. దాన్ని లుడ్విగ్స్ యాంజైనా అంటారు. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు దాని గురించి రాశాడు. యాంటీబయాటిక్స్ లేని కాలంలో అది వచ్చినవాళ్ళలో సగానికి పైగా పోయేవారు. నాది ఒకవైపే ఉండగా పట్టుకున్నారు. పంటినొప్పితో ఎవరూ చచ్చిపోరట!

మిగతాదంతా మామూలే. వేరే డాక్టరమ్మ దగ్గర రూట్ కెనాల్ అయింది. షుగర్ అదుపులోకి వచ్చేదాకా బ్రిడ్జి మాట ఎత్తవద్దంది. ఎముకలో మర బిగించి దాని మీద పన్ను పెట్టే ఇంప్లాంట్, తీసి పెట్టుకునే పన్ను, బ్రిడ్జి మూడింటి మంచీ చెడూ చెప్పింది. పళ్ళు ఎలాగూ అరగదీసేశారు కాబట్టి బ్రిడ్జికే మొగ్గాను. రంగు చూసేటప్పుడు నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుతురులో చూసింది. నీలం కాగితం కొరికించి, ఎత్తుగా తగిలిన చోటల్లా కొద్దికొద్దిగా అరగదీసి, నేను సరేనన్నాకే అతికించింది. ఇంటికొచ్చి ఎడమవైపు వేరుశనగ గింజలు నమిలాను. ఏడుపొచ్చింది.

బ్రిడ్జి కట్టించుకోబోయేవాళ్ళు ఆధారంగా వాడే రెండు పళ్ళకూ ఎక్స్‌రే తీయమని గట్టిగా అడగండి. షుగర్ సంగతి కాగితం మీద రాసి ఊరుకోకుండా నోటితో చెప్పండి. కట్టాక మధ్య పంటి కింద రోజూ సూపర్ ఫ్లాస్ అనే, కొస గట్టిగా ఉండే దారం దూర్చి శుభ్రం చేసుకోవాలి, లేకపోతే తొడుగు కింద పన్ను మళ్ళీ పుచ్చుతుంది. గడ్డం కింద వాపు గట్టిపడినా, మింగలేకపోయినా, గొంతు మారినా పొద్దుటి దాకా ఆగకండి, పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

మొదటి క్లినిక్‌కు మా ఆయనతో వెళ్ళి జి.హెచ్. కాగితాలు బల్ల మీద పెట్టాను. ఆ డాక్టరు చదివి, కట్టిన డబ్బు తిరిగి ఇచ్చేశాడు. తప్పయిందని మాత్రం అనలేదు. రాత్రి ఫోన్ ఎత్తింది ఎవరని అడిగితే, ఆవిడ మానేసిందన్నాడు. మానేసినా సరే, రాత్రిపూట ఫోన్ చేసినవాళ్ళను మింగగలుగుతున్నారా అని ముందు అడగమని కొత్తగా వచ్చినవాళ్ళకైనా చెప్పండి అన్నాను. తలూపాడు. వచ్చే నెల అత్తమ్మను తీసుకుని నెల్లూరు వెళ్తున్నాం, స్వామి మొక్కు తీర్చాలి.