ఇస్కపల్లి రొయ్యల గుంటలకు నెట్ చేర్చిన నా అనుభవం

ఇస్కపల్లి దగ్గర మా చిన్నాన్నకు రొయ్యల గుంటలున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ సమయంలో నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ఆయన రాత్రిళ్లు కంటినిండా నిద్రపోడు. ఊళ్లో ఇంటికి ఫైబర్ వచ్చాక, దాన్ని గుంటల దాకా లాగి ఆక్సిజన్ మీటరు, కెమెరా పెట్టే పని నేను నెత్తికెత్తుకున్నాను.

ఇంటికి ఉత్తరంగా 2 కిలోమీటర్లలో మోటారు షెడ్డు. అక్కణ్నుంచి తూర్పుకు, సముద్రం వైపు, ఇంకో కిలోమీటరు పోతే కాపలా షెడ్డు. మూడు చోట్లా రూటర్లు పెట్టి, నలుదిక్కులా సిగ్నల్ చల్లే గొట్టం యాంటెన్నాలు బిగించాను. దారి ఎంచుకునే పని బ్యాట్‌మాన్ అనే మెష్ ప్రోటోకాల్‌ది, అంటే రూటర్లు ఒకదాని మీదుగా ఒకటి డేటా అందించుకునే పద్ధతిది. అది 2011 నుంచి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌లోనే ఉంది.

కెమెరా బొమ్మ పది నిమిషాలు బాగా వచ్చేది, తర్వాత బిగుసుకుపోయేది. వారం రోజులు టెన్షన్. చివరికి తెలిసిందేమిటంటే, కాపలా షెడ్డు మోటారు షెడ్డును వదిలేసి, సరుగుడు తోట మీదుగా నేరుగా ఇంటినే పట్టుకుంటోంది. దారి బాగుందో లేదో చూడటానికి బ్యాట్‌మాన్ చిన్న చిన్న ప్యాకెట్లు పంపి, ఎన్ని చేరాయో లెక్కపెడుతుంది. అవి అతి తక్కువ డేటా వేగంతో వెళ్తాయి కాబట్టి చెట్లను దాటుకుని కూడా చేరిపోతాయి. కెమెరా పంపే పెద్ద ప్యాకెట్లు చేరవు. పాపం, దానికి కనిపించిన లెక్క ప్రకారం అది సరిగ్గానే ఎంచుకుంది. తప్పు నేను పెట్టిన యాంటెన్నాలది.

దిక్కుల మీదే నడిచే రూటింగ్ గురించి చదివింది అప్పుడు గుర్తొచ్చింది. పంపే చోటు నుంచీ, అందుకునే చోటు నుంచీ ప్లస్ గుర్తులా గీతలు సాగితే అవి ఎక్కడో ఒకచోట కలుస్తాయి, ఆ కలిసిన చోటు మీదుగా దారి పడుతుంది. మూడు రూటర్లకు అంత పద్ధతి అక్కర్లేదు కానీ, ఆ ఆలోచన నాకు పనికొచ్చింది. వద్దనుకున్న దిక్కుకు అసలు చెవే లేకుండా చేస్తే సరి.

ఇంటి మీద, కాపలా షెడ్డు మీద ఒక్కో డిష్ యాంటెన్నా పెట్టి, రెంటినీ మోటారు షెడ్డు వైపే తిప్పాను. డిష్‌కి ఒక దిక్కే వినపడుతుంది కాబట్టి మోటారు షెడ్డు దగ్గర రెండు కావాలి, రెండూ వేర్వేరు ఛానళ్ల మీద.

గురి కుదర్చడానికే ఒక రోజంతా పట్టింది. పది డిగ్రీల కిరణం 2 కిలోమీటర్ల దూరంలో 350 మీటర్ల వెడల్పుంటుంది, తేలికే అనుకున్నాను. నేను మేడ మీద నట్టు వదులు చేసి డిష్‌ను వేలెడంత జరుపుతుంటే, చిన్నాన్న షెడ్డు దగ్గర నిలబడి ఫోన్లో సిగ్నల్ బలం అంకె చదివేవాడు. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 76 దగ్గర ఆగిపోయింది. అది డిష్ అసలు కిరణం కాదని, పక్కకు చిమ్మే బలహీనమైన పక్క కిరణమని నాకు తట్టడానికి గంట పట్టింది. ఇంకాస్త పక్కకు తిప్పగానే ‘ఒరే, యాభై ఎనిమిది!’ అని కేక.

అయినా మధ్యలో చెట్ల కొనలు అడ్డమే. 5.8 గిగాహెర్ట్జ్‌లో 2 కిలోమీటర్లకు, సగం దారి దగ్గర చూపు గీత చుట్టూ 5 మీటర్ల దాకా సిగ్నల్ పరుచుకుని ఉంటుంది, అందులో సగానికి పైగా ఖాళీగా ఉండాలి. అందుకే ఇంటి మీద గొట్టం ఇంకో 3 మీటర్లు పెంచాం. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పట్టకుండా రబ్బరు టేపు చుట్టాం.

మోటారు షెడ్డుకు కరెంటు పోతే అంతా పోతుంది, ఇప్పుడు వేరే దారి లేదు. అక్కడ బ్యాటరీ పెట్టాను. మొన్న రాత్రి మూడింటికి చిన్నాన్న మంచం మీద నుంచే ఆక్సిజన్ అంకె చూసుకుని, మళ్లీ అటు తిరిగి పడుకున్నాడట.