పిక్క పలాసకి, పండు నేలకి

పలాసలో రైలు దిగేసరికి ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. స్టేషన్ బయట టీ తాగుతుంటే గాలిలో ఏదో కాలిన వాసన. వేరుశనగలు వేయించినట్టు కాదు, ఘాటుగా, గొంతు పట్టేసేలా ఉంది. "జీడి బట్టీ. పిక్కల్ని ఆవిరి మీద ఉడికించే మిషన్లు వచ్చాక కాల్చే బట్టీలు తగ్గాయి గానీ, పూర్తిగా పోలేదు" అన్నాడు నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన మిత్రుడు. వాడి ముక్కుకి అది వాసన కిందే లెక్క కాదట.

ఈ ప్రయాణానికి బీజం నాశిక్‌లో పడింది. రెండేళ్ల కిందట ఇద్దరం ఆఫీసు పని మీద అక్కడికెళ్లి, ఆదివారం ఖాళీగా ఉంటే ఒక కుటుంబం నడుపుకుంటున్న ద్రాక్షతోట చూడబోయాం. వేసవిలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఇంకోసారి తీగల్ని కత్తిరించి, ఏడాదికి ఒక్క కాపే తీస్తారట. గైడ్ కుర్రాడు గ్లాసు తిప్పి, వాసన చూసి, నాలుకను పట్టేసే వగరు గురించి చాలాసేపు చెప్పాడు. దాన్ని టానిన్ అంటారు, తొక్కల్లోంచీ గింజల్లోంచీ దిగుతుంది. తెల్ల వైన్‌కి ముందే రసం పిండేస్తారు కాబట్టి అందులో తక్కువ, ఎర్ర వైన్‌ని తొక్కలతోనే పులియబెడతారు కాబట్టి ఎక్కువ. "ఈ వగరుకేనా ఇంత రేటు? మా జీడిపండులో బకెట్ల కొద్దీ ఉంటాది" అని మావాడు నా చెవిలో గొణిగాడు. బిల్లు వచ్చాక ఇద్దరం మాట్లాడలేదు.

అలా మొన్న ఏప్రిల్లో వాళ్ల ఊరు ప్రయాణం కట్టాను. కాశీబుగ్గ దాటి వజ్రపుకొత్తూరు వైపు తిరగ్గానే రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి, పనస, జీడి. ఈ ప్రాంతం పేరు ఉద్దానం. ఉద్యానవనం అనే మాటే అలా అయిందంటారు. చూస్తే నమ్మబుద్ధేస్తుంది. ప్రతి ఇంటి అరుగు మీదా నీళ్ల క్యాన్ మాత్రం కనిపిస్తూనే ఉంది. కిడ్నీ జబ్బుల వల్ల బోరు నీళ్లంటే ఇక్కడ భయం. మావాడి ఇంట్లోనూ ముందు మంచినీళ్లిచ్చి, "ఇవి క్యాన్ నీళ్లే బాబూ" అని ప్రత్యేకంగా చెప్పారు.

తోట రెండెకరాలు. మావాడి తాతగారు పాతకాలం పద్ధతిలో గింజలు నాటి పెంచినది. వాళ్ల నాన్నగారితో తెల్లారే వెళ్లాను. జీడిని చెట్టు మీంచి కోయరు, పండి తనంతట తానే రాలాలి. పచ్చిగా కోస్తే పిక్క నిండదు. అందుకని సీజన్‌కి ముందే చెట్ల కింద తుప్పలు కొట్టి, నేల శుభ్రం చేసి ఉంచుతారు. రాలిన పండు పట్టుకుని పిక్కను మెలి తిప్పితే ఊడొస్తుంది. పిక్క గంపలోకి, పండు పక్కకి. నేనూ ఓ గంట ఏరాను. నడుము పట్టేసింది గానీ, ఆ ఇసుక నేల మీద ఎర్రవీ పసుపువీ పండ్లు పరుచుకుని ఉంటే చూడ్డానికి బాగుంది. వాటి మీద ఈగలు, పులిసిన వాసన. ఎండెక్కే కొద్దీ ఆ వాసన మత్తుగా మారింది. నాశిక్‌లో పీపాల గదిలో అచ్చం ఇలాంటి వాసనకే టికెట్ పెట్టారు.

"తిత్లీ ముందు నూట పది మాన్లు ఉండీవి బాబూ. ఇప్పుడు పాతవి పదిహేడు" అన్నారు బాబాయ్ గారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను తీరం దాటింది ఈ పరిసరాల్లోనే. గాలి గంటకి 140 కిలోమీటర్ల పైమాట. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ మేడ ఉన్న పక్కింట్లో తలదాచుకున్నారు. "తెల్లారి చూస్తే తోట ఏదీ? ఆకాశం కనపడ్డాది. అంతకు ముందు ఈడ నిలబడితే ఆకాశం కనపడీది కాదు." కొబ్బరి చెట్లయితే నడుముకి విరిగిపోయాయి. జీడి వేళ్లతో సహా పెకిలించుకుని పడిపోయింది. కలప కిందా ధర రాలేదట, ఒకేసారి అంతా అమ్మకానికొచ్చేసరికి కొనేవాడు ఆడిందే ఆట. తర్వాత బాపట్ల పరిశోధనా కేంద్రం రకం అంటుమొక్కలు వేశారు. అంటుమొక్క మూడు నాలుగేళ్లకే కాపు మొదలుపెడుతుంది. మావాడు వాటిని చూపిస్తుంటే, బాబాయ్ గారు మాత్రం ఒక పాత మాను దగ్గరే ఆగిపోయి మొదలు తడుముతూ నిలబడ్డారు.

ఈ చెట్టు మనది కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి పడమటి తీరానికి తెచ్చారు. మనకి అప్పటికే జీడి ఉంది, చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి. కొత్త పిక్క తొక్కులోనూ అలాంటి కాల్చేసే నూనే ఉంది, చెట్టేమో మామిడి కులానిది. మనవాళ్లు జీడిమామిడి అని పిలిచేశారు. వృక్షశాస్త్రం కూడా ఈ మూడింటినీ ఒకే కుటుంబంలో పెట్టింది! ముంతమామిడి అని ఇంకో పేరు కూడా ఉంది. ముంత అంటే మనకి వెంటనే ఏం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు.

గోవాలో మాత్రం ఆ పేరుకి న్యాయం చేశారు. పండ్లు తొక్కి, రసం పులియబెట్టి, బట్టీ పట్టి ఫెనీ చేస్తారు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక్కడ అదే పని చేస్తే ఎక్సైజ్ జీపు వస్తుంది. ఉప్పూకారం అద్దుకుని పిల్లలు తిన్నవి పోను, మిగతా పండంతా చెట్టు కిందే కుళ్లుతుంది. పిక్క కంటే పండు బరువు ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే తోట పండించేదాంట్లో చాలావరకు నేలకే.

మధ్యాహ్నం మామ్మగారు నా కోసం పని పెట్టుకున్నారు. బాగా మగ్గిన పండ్లు కడిగి, గుడ్డలో వేసి పిండారు. ఆ రసం అలాగే తాగితే గొంతు గీరుకుపోతుంది. అందులో పలచని గంజి పోసి కలిపి, మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచారు. గంజి వగరును పట్టుకుని అడుక్కి దిగుతుంది. పొద్దున పైన తేటగా, లేత బంగారు రంగులో రసం. మామ్మగారు చక్కెర కూడా వెయ్యనివ్వలేదు. "తియ్యగుంటే పిక్క అమ్మీసుకున్నట్టే పండూ అమ్మీసుకుందుము గదా, ఈ వగరే మా కొంప ముంచింది" అని నవ్వేశారు. నాకు ఆ మిగిలిన కాస్త వగరే నచ్చింది.

సాయంత్రం కాశీబుగ్గలో ఒక చిన్న ఫ్యాక్టరీకి వెళ్లాం. లోపల అంతా ఆడవాళ్లే. తొక్కు పగలగొట్టేవాళ్లు, పైపొర తీసేవాళ్లు, గుండు, బద్ద, ముక్క వేరుచేసేవాళ్లు. ఒకామె వేళ్లు తారు పూసినట్టు నల్లగా ఉన్నాయి. ఎన్నాళ్లకి పోతుందని అడిగితే, పనిలోకి రావడం మానేస్తే పోతుందన్నారు. గుండ్లకి 180, 210, 240, 320 అని నంబర్లుంటాయి. పౌనుకి అన్ని గింజలు తూగుతాయని లెక్క. నంబరు చిన్నదైతే గింజ పెద్దది, ధర పెద్దది. ఎనభై కేజీల బస్తా పిక్కల్లోంచి పప్పు ఇరవై కేజీల పైచిలుకు వస్తుంది. పిక్కలు ఇక్కడివి చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా తెప్పిస్తారు. ఆ మాట వచ్చేసరికి బాబాయ్ గారు బయటికెళ్లి బీడీ ముట్టించారు. బస్తాకి పదహారు వేలు కావాలని రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. ఆయన ఈసారి దేనికి అమ్మారో నేను అడగలేదు.

తిరుగు ప్రయాణానికి మామ్మగారు లీటరు వాటర్ బాటిల్ నిండా రసం పోసిచ్చారు. "ఇంటికెళ్లాక ఫ్రిజ్‌లో పెట్టుకో నాయినా" అన్నారు. రాత్రి స్లీపర్ బోగీలో ఉక్కపోత. విజయనగరం దాటాక దాహమేసి మూత తిప్పితే బుస్సుమని నురగ పొంగి, నా చొక్కా మీదా, కింది బెర్తు పెద్దాయన దుప్పటి మీదా పడింది. ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చుని, వాసన చూసి, నా ముఖం చూశారు.

"ఏ ఊరు కల్లు బాబూ ఇది?"

జీడిపండు రసం అని చెప్పాను. నమ్మలేదు. పేపర్ కప్పులో కాస్త పోసిచ్చాను. నాశిక్ గైడ్‌లాగే నోట్లో ఓ నిమిషం ఉంచుకుని మింగారు.

"వగరుగా ఉంది" అని, కప్పు మళ్లీ ముందుకు చాపారు.