ఒక్క ఆటతో ఆగిపోయిన సినిమా

నిన్న రాత్రి నిద్ర పట్టక చాప్లిన్ ‘ది కిడ్’ మళ్లీ పెట్టుకున్నాను. ఈసారి కళ్లన్నీ తల్లి వేషం వేసిన ఎడ్నా పర్వియన్స్ మీదే. తర్వాత ఈవిడ ఏమైందా అని వెతకబోతే రాత్రి రెండయింది.

ఆమెను హీరోయిన్‌గా పెట్టి చాప్లిన్ 1926లో ఒక సినిమా తీయించాడు, ‘ఎ ఉమన్ ఆఫ్ ది సీ’ అని. దర్శకుడు జోసెఫ్ వాన్ స్టెర్న్‌బర్గ్. అప్పటికి ఇంకా పెద్ద పేరు రాలేదు. కాలిఫోర్నియాలో మాంటెరే తీరాన తీసిన జాలర్ల కథ. అంతా పూర్తయ్యాక ఒకే ఒక్కసారి థియేటర్లో వేసి చూసి, డబ్బాలు మూసేశారు. రిలీజే లేదు!

అక్కడితో ఆగినా బాగుండేది. 1933లో సాక్షులను నిలబెట్టి మరీ నెగెటివ్ తగలబెట్టించాడు. పన్ను లెక్కల్లో నష్టం కింద చూపించుకోవడానికట. చాప్లిన్ అంటే నాకు ప్రాణం, కానీ ఇది మాత్రం మింగుడు పడలేదు. 1958లో ఆమె పోయేదాకా జీతం పంపుతూనే ఉన్నాడు, నిజమే. మంచి మనిషే. మరి ఆ రీళ్లు ఏం పాపం చేశాయి?

ఇప్పుడు మిగిలింది కొన్ని స్టిల్స్. వాటిని ఫోన్లో పెద్దవి చేసుకుంటూ, దీనికి ముందు షాట్ ఏమై ఉంటుంది, తర్వాతది ఏమై ఉంటుంది అని ఊహించుకుంటూ పడుకున్నాను. పొద్దున్నించీ ఆఫీసులో ఒకటే ఆవులింతలు.