సొంత ఫాంట్ గడియారం విడ్జెట్: అంకెలు కుదిరాయి, నిమిషమే నిలవడం లేదు

ఆండ్రాయిడ్ హోమ్ స్క్రీన్ మీద సొంత ఫాంట్‌తో టైము చూపే విడ్జెట్ చేస్తున్నా. ఫాంట్ గోల తీరింది. పది అంకెల్నీ వెక్టర్ డ్రాయబుల్స్‌గా (గీతల బొమ్మలుగా) మార్చి ఇమేజ్‌వ్యూల్లో (బొమ్మ చూపే గడుల్లో) పెడితే సరి. టెక్స్ట్‌క్లాక్‌కి (టైముని అంకెల్లో తనే చూపే ఆండ్రాయిడ్ భాగానికి) మన యాప్‌లోని ఫాంట్ రాసిస్తే లాంచర్ (హోమ్ స్క్రీన్ యాప్) పట్టించుకోదు మరి.

చిక్కంతా నిమిషం మార్చడంలోనే. విడ్జెట్‌ని ఎన్ని మిల్లీసెకన్లకోసారి మార్చాలో చెప్పే అప్‌డేట్‌పీరియడ్‌మిల్లీస్‌లో 60000 (ఒక నిమిషం) రాసినా ఆండ్రాయిడ్ అరగంటకోసారే పిలుస్తుంది. పనిని పదేపదే చేయించే వర్క్‌మేనేజర్ 15 నిమిషాల కంటే కిందికి దిగదు. నిమిషానికోసారి సిస్టమ్ పంపే టైమ్‌టిక్ బ్రాడ్‌కాస్ట్ మేనిఫెస్ట్‌లో (యాప్ వివరాల ఫైల్లో) రాస్తే రాదు. దానికోసం ఎప్పుడూ నడుస్తూ ఉండే ఫోర్‌గ్రౌండ్ సర్వీసు, ఆ సర్వీసుకో నోటిఫికేషను. టైము చూపించడానికి ఇంత తతంగమా!

అందుకే బొమ్మల్ని ఒకదాని తర్వాత ఒకటి తిప్పే వ్యూఫ్లిప్పర్: 00 నుంచి 59 దాకా 60 బొమ్మలు, ఫ్లిప్‌ఇంటర్వల్ (తిప్పే వ్యవధి) 60000, ఆటోస్టార్ట్ (దానంతటదే మొదలవడం). యాప్ నిద్రలో ఉన్నా లాంచరే తిప్పుతుంది. హోమ్ స్క్రీన్ కళ్లెదుట ఉన్నంతసేపూ బాగానే తిరిగింది. ఫోన్ లాక్ చేసి 12 నిమిషాల తర్వాత తెరిస్తే 12 నిమిషాలు వెనక! స్క్రీన్ ఆరగానే ఫ్లిప్పర్ ఆగిపోతుంది, అన్‌లాక్ చేశాక ఆగిన అంకె దగ్గరే మళ్లీ 60 సెకన్లు మొదట్నుంచి లెక్కపెడుతుంది. లాకే అక్కర్లేదు, వేరే యాప్ తెరిచి హోమ్ స్క్రీన్ మరుగునపడ్డా ఇదే వరస. పైగా విడ్జెట్‌ని 10:14:40కి పెడితే 15 పడేది 10:15:40కి. ఇంటర్వల్‌ని ఎంత తగ్గించినా లాభం లేదు, ఫ్లిప్పర్‌కి అసలు టైమెంతో తెలీదు. బొమ్మల్ని బిట్‌మ్యాప్‌లుగా (పిక్సెళ్ల బొమ్మలుగా) పంపితే ఇంకో తంటా: 400×300 బొమ్మ 4,80,000 బైట్లు, అరవైకి 2.88 కోట్లు. 1080×2400 స్క్రీన్‌కి ఒక విడ్జెట్‌కి అనుమతించేది దాదాపు 1.55 కోట్లే.

ఐఓఎస్‌లో విడ్జెట్లు చేయడానికి వాడే విడ్జెట్‌కిట్ రిఫ్రెష్‌ల దగ్గర పిసినారే, కానీ రాబోయే నిమిషాలన్నీ టైమ్‌లైన్‌లో ముందే రాసిచ్చే ఆ పద్ధతి నయం.

ఇక మిగిలింది అనలాగ్‌క్లాక్, అంటే ముళ్ల గడియారం చూపే ఆండ్రాయిడ్ భాగం. నిమిషాల ముల్లు స్థానంలో 60 అంకెలు చుట్టూ రాసిన చక్రం పెట్టి, పై అంచు మాత్రమే కిటికీలోంచి కనబడేలా కత్తిరించాలి. ముల్లు కుడివైపు తిరుగుతుంది కాబట్టి అంకెల్ని ఎడమవైపుగా పేర్చాలి. డయల్‌కి (గడియారం ముఖానికి) అదే కొలతలో ఖాళీ డ్రాయబుల్ ఇవ్వాలి. అంకెకి 6 డిగ్రీలు. 40 డీపీ (స్క్రీన్ సాంద్రతతో మారని ఆండ్రాయిడ్ కొలత) వెడల్పు కావాలంటే వ్యాసార్థం 382 డీపీ, అంటే 420 డీపీఐ (అంగుళానికి చుక్కలు) ఫోన్‌లో చక్రం అడ్డంగా 2006 పిక్సెళ్లు. 2048 పిక్సెళ్లు దాటితే వెక్టర్ మసకబారుతుంది, కాబట్టి ఇంతకంటే పెద్ద అంకెలు కుదరవు.

గంటకి ఈ ఉపాయం పనికిరాదు: గంటల ముల్లు నిమిషానికి అర డిగ్రీ చొప్పున జరుగుతూ, 10:59కే 11 చూపించేస్తుంది. అక్కడ ప్రస్తుతానికి టెక్స్ట్‌క్లాక్‌లో శాన్స్‌సెరిఫ్ కండెన్స్‌డ్ ఫాంట్ పెట్టి చూడాలి. అది సిస్టమ్ ఫాంటే కాబట్టి లాంచర్ ఒప్పుకుంటుంది. పక్కనున్న అంకెలతో కలవకపోతే గంటని కూడా గడియారం ముల్లుకి తగిలించే మార్గం వెతకాలి.