ఆండెక్స్ కొండ మీద నల్ల బీరు

మా బావ జనగామ నుంచి మ్యూనిక్ వచ్చిన రెండో రోజే నా ఫ్రిజ్‌లోని బీరు ఒక గుక్క తాగి పక్కన పెట్టేశాడు. "ఇవి నీళ్లు బామ్మర్దీ. స్ట్రాంగ్ దొరకదా ఈ ఊళ్లె?" అన్నాడు. ఆయన లెక్కలో స్ట్రాంగ్ అంటే మన వైన్ షాపుల్లో అమ్మేది. ఐస్‌లా చల్లగా ఉంటేనే గొంతు దిగుతుంది, రుచి సంగతి ఎవరూ అడగరు.

అది మార్చి నెల. ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాసాల కాలం. మ్యూనిక్‌లో దీన్నే స్టార్క్‌బీర్ సీజన్ అంటారు. స్టార్క్ అంటే స్ట్రాంగే. శుక్రవారం సెలవు పెట్టి బావని ఎస్ 8 రైలెక్కించాను. ఆ లైను చివరి స్టేషన్ హెర్షింగ్, అమ్మర్‌జే సరస్సు ఒడ్డున ఉంటుంది. అక్కడి నుంచి ఆండెక్స్ మఠానికి బస్సుంది. కానీ ఆకలి మీద పోతేనే బాగుంటుందని వాగు వెంట అడవి దారి పట్టించాను. నాలుగు కిలోమీటర్ల పైనే ఎక్కుడు. ముందురోజు కురిసిన మంచు కరిగి దారంతా బురద. బావ రెండుసార్లు జారాడు. మూడోసారి జారినప్పుడు బీరు మాట వదిలేసి నన్నూ, నాకు వీసా ఇచ్చినవాళ్లనూ కలిపి తిట్టాడు.

కొండ మీద ఉల్లిపాయ ఆకారపు గోపురం కనబడ్డాక శాంతించాడు. గుళ్లో గోడలూ కప్పూ అన్నీ బంగారు నగిషీలే. 1455 నుంచి ఇది బెనెడిక్టైన్ సన్యాసుల మఠం. 1803లో ప్రభుత్వం మఠాలను స్వాధీనం చేసుకున్నప్పుడు ఇదీ పోయింది. 1850లో మొదటి లుడ్విగ్ రాజు మ్యూనిక్‌లో కొత్త మఠం కట్టించి, దాని ఖర్చులకని ఈ కొండనీ పొలాల్నీ రాసిచ్చాడు. మన గుళ్లకి మాన్యాలు ఇచ్చినట్టే. కాకపోతే ఈ మాన్యంలో బీరు కూడా పండుతుంది.

బీరు హాల్లో అన్నీ మనమే తెచ్చుకోవాలి. ఒక కౌంటర్‌లో పంది కాలు, ఇంకో దాంట్లో ముడి ఆకారంలో ఉండే బ్రెట్సెల్ రొట్టె, చివర్లో బీరు. బావ లీటరు మగ్గు వైపు వేలు చూపించాడు. వద్దని బతిమాలి ఇద్దరికీ అర లీటరు డోపెల్‌బాక్ అనే స్ట్రాంగ్ నల్ల బీరు తీసుకున్నాను. ఇందులో ఆల్కహాల్ 7.1 శాతం.

"నల్లగున్నది, చల్లగ లేదు" అన్నాడు బావ మగ్గు పట్టుకుని చూస్తూ. కిటికీ వెలుగుకి ఎత్తి పడితే నలుపు కాదు, తాటిబెల్లం పాకం అంచున కనిపించే ఎరుపు. పైన నురగ తెల్లగా లేదు, ఎర్రగా కాచిన పాల మీగడ రంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు. మళ్లీ పీల్చాడు.

"తైదలు" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అక్క పిల్లల కోసం తైదలు, అంటే రాగులు, నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పెనం మీద వేయించేటప్పుడు ఇల్లంతా వచ్చే వాసన అది. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మాల్ట్ అంటే అదే కదా! ఇక్కడ తైదల బదులు బార్లీ. ఈ రకం బీరుకి పాత పద్ధతిలో మాల్ట్ గంజిలో కొంత విడిగా తీసి మరిగించి, మళ్లీ అందులోనే కలుపుతారు. ఆ రంగూ, ఆ మాడు తీపీ చాలావరకు మాల్ట్‌ని వేయించడంలో, ఇలా మరిగించడంలో వచ్చేవే. పులియబెట్టకముందు ఆ రసంలో ధాన్యం సారం 18 శాతమైనా లేకపోతే జర్మనీలో దాన్ని డోపెల్‌బాక్ అనకూడదు. మామూలు బీరుకి పదకొండో పన్నెండో ఉంటుంది. ఇక్కడ స్ట్రాంగ్ అంటే ముందు గింజ ఎక్కువ పడాలి. మత్తు దాని వెనకాల వస్తుంది.

మొదటి గుక్కలో రొట్టె అంచు మాడిన రుచి, వెనకే బెల్లం, తర్వాత ఎండు ఖర్జూరం. ఇంత తీపి వెగటు పుడుతుందేమో అనుకునేలోపు చివర్లో చిన్న చేదు వచ్చి నోరు కడిగేస్తుంది. మింగాక ఛాతీలో వెచ్చగా పాకుతుంది. పావుగంటకి మగ్గు కొంచెం వేడెక్కాక వాసన ఇంకా పెరిగింది. ఐస్‌లో పెట్టి ఉంటే ఇవేవీ తెలిసేవి కావు.

ఉపవాసం రోజుల్లో ఘనాహారం కూడదు కాబట్టి సన్యాసులు ఇలాంటి చిక్కటి బీరు కాచుకునేవాళ్లని చెప్పాను. మ్యూనిక్‌లో పౌలానర్ సన్యాసులు మొదలుపెట్టిన దానికి సాల్వేటర్ అని పేరు. రక్షకుడు అని అర్థం. ఆ పేరు ఇంకెవరూ వాడకుండా ట్రేడ్‌మార్క్ వచ్చాక, మిగతావాళ్లు తోకనైనా ఉంచుకుందామని తమ బీర్లకి '-ఏటర్' తగిలించారు. బావ నవ్వాడు. "మా అమ్మ ఏకాదశి ఉపవాసం గూడ గిట్లనే. అన్నం ముట్టదు, ఉప్పుపిండి గిన్నె ఖాళీ చేస్తది."

అంటూనే కోటు జేబులోంచి పొట్లం తీశాడు. సంక్రాంతి సకినాలు! పక్క టేబుల్ ముసలాయన చూడకుండా ఒకటి నా చేతిలో పెట్టాడు. నువ్వులు, వాము, ఆ పైన ఒక గుక్క. పంది కాలు కంటే ఇదే బాగా కుదిరిందని నా అభిప్రాయం. ముసలాయన చూడనే చూశాడు. మాట్లాడకుండా చెయ్యి చాపాడు. బావ రెండిచ్చాడు.

రెండో మగ్గు బావ అడగలేదు. "కడుపు నిండింది" అన్నాడు. జనగామలో ఆయన నోట బీరు తాగాక ఈ మాట నేనెప్పుడూ వినలేదు.

దిగేటప్పుడు ఇద్దరం బుద్ధిగా బస్సెక్కాం. సగం దారిలో అక్క ఫోన్.

"యాడున్నరు?"

"గుడికి పోయినం" అన్నాడు బావ.

"ఏమన్న తిన్నరా?"

"తైదంబలి తాగిన" అన్నాడు. నేను కిటికీలోంచి సరస్సు వైపు చూస్తూ కూర్చున్నాను.