పొగమంచుతో కట్టిన న్యూయార్క్

ఎడ్గార్ ఉల్మర్ 1945లో అతి తక్కువ ఖర్చుతో తీసిన ‘డీటూర్’ను రాత్రి చూశాను, గంటా పది నిమిషాలైనా లేని ఆ సినిమా నన్ను చాలాసేపు నిద్రపోనివ్వలేదు. న్యూయార్క్ వీధిని సెట్టుగా వేసే స్తోమత లేక, దట్టమైన పొగమంచులో దీపస్తంభాలు, వీధి పేర్ల పలకలు మాత్రం చూపించి ప్రేమికులిద్దరినీ నడిపించిన తీరు చూస్తే, అక్కడ కళాదర్శకత్వం వహించింది పేదరికమేననిపిస్తుంది. కథానాయకుడైన పియానో వాద్యకారుడు లిఫ్టు అడుగుతూ పడమరకు సాగే కొన్ని షాట్లను అద్దంలోలా కుడిఎడమలు తిరగేసి వాడటంతో అమెరికా కార్ల స్టీరింగు కుడివైపుకు వచ్చింది (మన కళ్లకు అది సహజంగానే ఉంటుందనుకోండి). అతను దారిలో కారెక్కించుకున్న వీరా అనే యువతి కునుకు తీస్తూ ఉన్నట్టుండి కళ్లు తెరిచి, ఈ కారు యజమాని శవాన్ని ఎక్కడ వదిలేశావని నిలదీసేటప్పుడు, ఆ పాత్ర వేసిన యాన్ శావేజ్ చూపులో కనిపించే కర్కశత్వాన్ని, పెద్ద స్టూడియో అయితే తప్పకుండా కొంత నునుపు చేసి ఉండేదని నా నమ్మకం.